కార్ల ఆట క్యాసెట్

అన్న తిరుపతి చనిపోయిన ఏడాదికి యాదలక్ష్మి సజ్జ మీంచి పాత వీడియో గేమ్ దింపింది. చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్నది. మన్సూరాబాద్ ఇంట్లో ఆ రాత్రి ఆమె తప్ప ఇంకెవరూ లేరు. కార్ల రేసు క్యాసెట్‌ని మూడుసార్లు ఊది పెట్టినా టీవీ నిండా చుక్కలే. అప్పుడూ అంతే. “నువ్వూదితే పడదే, ఇటియ్యి” అంటూ అన్నే లాక్కుని ఊదేవాడు.

క్యాసెట్ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. గల్లీలో కుక్కలు కూడా సద్దుమణిగాయి.

చెవి పక్కనే ‘ఉఫ్’మని వినిపించింది. వేళ్లకు వెచ్చగా గాలి తగిలింది.

క్యాసెట్ మళ్లీ పెట్టింది. కార్లు వరసగా నిలబడి గుర్రుమన్నాయి.

ఆమె ఆడలేదు. క్యాసెట్ పీకేసి, వెనక చీకట్లోకి చెయ్యి చాపింది.

“పడ్తలేదన్నా. ఇంకోసారి ఊదవా?”