బ్యాంక్స్ తర్వాత బెల్

"కుదరదమ్మాయ్. తెల్లబట్టల వీడ్కోలు మా సోరర్లకే," అంది వెర్డెల్ పెట్‌వే.

ఫ్యూనరల్ హోమ్ వరండాలో నిలబడి ఉన్నారిద్దరూ. లోపల పెట్టెలో లువీనియా బ్యాటిల్, ఎనభై ఆరేళ్ళ మనిషి, తనకిష్టమైన ఊదారంగు టోపీతో సహా పడుకుని ఉంది. అడుగుతున్నది ఆమె మేనకోడలు జొనెట్. ఇంకో గంటలో ప్రార్థన మొదలవుతుంది.

అలబామాలోని ఆ చిన్న ఊళ్ళో, చదువుకున్న నల్లజాతి ఆడవాళ్ళ సంఘానికి శాఖ పెట్టి ఎనభై ఏళ్ళు దాటింది. చేరినవాళ్ళు ఒకరినొకరు 'సోరర్' అని పిలుచుకుంటారు, అంటే తోబుట్టువని. చేరనివాళ్ళని పొరపాటున కూడా అలా అనరు. సోరర్ ఎవరైనా పోతే మిగిలినవాళ్ళు తెల్లబట్టల్లో వచ్చి, హాజరు పిలిచినట్టు ఆమె పేరు మూడుసార్లు పిలుస్తారు. ఆమె బదులు అందరూ కలిసి 'ఉన్నాను' అంటారు.

"అందరూ రానక్కర్లేదు మిస్ వెర్డెల్. మీరొక్కరు పేరు పిలిచినా చాలు."

"పిలవడానికి పేరుండాలి కదా. సభ్యుల పట్టీలో మీ అత్త పేరు పంతొమ్మిదివందల యాభై ఏడులోనే కొట్టేశారు. సిరాతో అడ్డంగా గీత. ఎందుకు కొట్టేశారో నాకు తెలియదు. మంచిపని చేసినందుకైతే కొట్టేయరుగా."

"అరవై ఏళ్ళు మీ స్థాపక దినానికి తీపి పైలు చేసి తెచ్చింది. అవి తినేటప్పుడు ఆ గీత అడ్డం రాలేదా?"

"పైలకి రూల్సు లేవు."

అనేశాక వెర్డెల్‌కే బాగాలేకపోయింది. ప్రతి జనవరిలోనూ స్థాపక దినాన లువీనియా రెండు చిలగడదుంప పైలు, పూర్ణం పెట్టి కాల్చిన తీపి రొట్టెలు, పట్టుకుని చర్చి హాలుకి వచ్చేది. వంటగది గుమ్మంలో నిలబడి, ఇంటిపేర్ల ఇంగ్లీషు అక్షరాల వరసలో హాజరు పిలుస్తుంటే వినేది. సోరర్ అబర్నాథీ, సోరర్ ఆస్క్యూ, సోరర్ బ్యాంక్స్, సోరర్ బెల్. బెల్ దాకా వచ్చేసరికి చేతులు తుడుచుకుని వెళ్ళిపోయేది. వింత మనిషి అనుకునేవారంతా. ఒక ఏడు వెర్డెల్ లేచి వెళ్ళి, "ఇది బయటివాళ్ళు వినేది కాదు లువీనియా," అని ముఖాన తలుపేసింది. మరుసటి ఏడూ పైలు వచ్చాయి. లువీనియా మూసిన తలుపవతల నిలబడింది. అది గుర్తొస్తే వెర్డెల్‌కి ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

"మీ పుస్తకం చదివానండి," అంది జొనెట్. "ఓటరు బడి గురించి పేజీన్నర రాశారు. నడిపిందెవరో మాత్రం రాయలేదు."

వెర్డెల్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. సంఘం సేవా చరిత్ర తొంభై పేజీలు రాసిన మనిషి తను. పిల్లలకి పంచిన బూట్లు, పోలియో చుక్కలు, నల్లవాళ్ళు ఓటు కావాలంటే పరీక్ష రాయాల్సిన రోజుల్లో బట్టలుతికే దుకాణం వెనక దొంగచాటుగా నడిపిన బడి, అన్నీ అందులో ఉన్నాయి. కాగితం చూపించకపోతే తన పుట్టినరోజు కూడా నమ్మదని తోటి సోరర్లు ఏడిపిస్తుంటారు.

"పేరు దొరకలేదు. రుజువు లేనిదే నేను అక్షరం రాయను. అయినా మళ్ళీ చేర్చుకోమని మీ అత్తే నోరు తెరిచి అడగొచ్చుగా, ఇన్నేళ్ళలో?"

"నేనూ అదే అన్నాను. 'అడిగి పిలిపించుకుంటే అది పిలుపెలా అవుతుందే' అంది."

"దేనికి పిలవాలి? టీకా?"

"ఏమోనండి, చెప్పలేదు. ఇది మాత్రం మీకు తిరిగిచ్చెయ్యమంది. మీ సంఘం సొత్తట. సంఘం రహస్యాలు మనం చూడకూడదని నన్ను తెరవనివ్వలేదు."

జొనెట్ సంచిలోంచి బిస్కెట్ల డబ్బా తీసి చేతిలో పెట్టి, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడానికి లోపలికి వెళ్ళింది. డబ్బాలో నల్ల అట్ట నోటుబుక్కు ఒకటుంది. వెర్డెల్ కళ్ళజోడు పెట్టుకుంది. ఆ చేతిరాత తనకి బాగా తెలుసు. యాభై ఎనిమిదిలో ఒకే కారు ప్రమాదంలో అధ్యక్షురాలితోపాటు పోయిన కార్యదర్శిది. తన చరిత్ర పుస్తకం మొదటి పేజీలో వేసింది ఆ ఇద్దరి ఫోటోలే.

ఇన్నేళ్ళుగా వెతికిన సంఘం సమావేశాల పుస్తకం దొరికిందన్న సంబరంతోనే గబగబా పేజీలు తిప్పింది. చివరి పేజీ దగ్గర ఆగింది.

'9 నవంబరు 1957. ఓటరు బడి నడిపేవాళ్ళ పేర్లు చెప్పమని బడుల అధికారి కబురు పంపాడు. సంఘంలో పన్నెండుమందిమీ టీచర్లమే, తెలిస్తే ఎవరి ఉద్యోగమూ మిగలదు. తనొక్కతే నడిపినట్టు చెబుతానంది సోరర్ లువీనియా. మన సంఘం మనిషి కాదని చెప్పడానికి వీలుగా పట్టీలో తన పేరు కొట్టేయమంది. కొట్టేశాం. సంగతి అధ్యక్షురాలికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. సంఘం పుస్తకాల కోసం సంఘంలో లేని మనిషి ఇల్లు ఎవరూ వెతకరు కనుక ఈ పుస్తకమూ ఆమె దగ్గరే దాస్తున్నాం. భయం తీరాక స్థాపక దినాన హాజరులో ఆమె పేరు మళ్ళీ పిలుస్తామని మాట ఇచ్చాం. అది ఏ ఏడు అవుతుందో చెప్పలేం కనుక, ప్రతి ఏడూ వచ్చి, బ్యాంక్స్ తర్వాత బ్యాటిల్ అంటారేమోనని గుమ్మంలో నిలబడి వింటానంది.'