డైరెక్టర్ ప్యో యున్‌సిల్

డైరెక్టర్ పదవి ప్యో యున్‌సిల్‌కు చేజారిన రోజు కొరియాలోని పంగ్యోలో తొలిమంచు పడింది. "సెలవులో ఉంది కదా, తిరిగొచ్చాక చూద్దాం" అన్నారు పెద్దలు. అది పోయిన డిసెంబరు మాట.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. పదోన్నతుల సమావేశం ముగింపుకొచ్చింది. ప్రెసిడెంట్ యోమ్ కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుంటున్నాడు.

"ఇంకొక్క పేరు మిగిలింది" అంది బాంగ్ మ్యోంగ్‌నాన్.

ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో ఆడమనిషి ఆమె ఒక్కతే. ఆ చిప్‌ల కంపెనీకి వైస్ ప్రెసిడెంట్. చేరిన కొత్తలో, చేతిలో ఇంజనీరింగ్ పట్టా ఉండి కూడా, యూనిఫాం వేసుకుని మగవాళ్ళకు కాఫీలందించింది. పెళ్ళి కుదిరిందని రాజీనామా ఇమ్మంటే, అదే ఆఫీసులో ఉన్న పెళ్ళికొడుకు రాజీనామా ఎప్పుడు తీసుకుంటారని అడిగింది. విందుల్లో గ్లాసుకు గ్లాసు తాగి, పొద్దున్నే అందరికంటే ముందొచ్చి కూర్చుంది. అలా వచ్చింది ఆ కుర్చీలోకి.

ప్యో ఆమె దగ్గర పనిలో చేరిన రోజు, అక్కడి ఆడవాళ్ళ అలవాటు ప్రకారం కాఫీ యంత్రం వైపు నడవబోయింది. "కూర్చో" అంది బాంగ్. "నీ కాఫీ నువ్వు తాగు. వాళ్ళ కాఫీ వాళ్ళు కలుపుకుంటారు."

"ప్యో సంగతేనా?" అన్నాడు సిబ్బంది విభాగం పెద్ద క్వాక్. "ఆ విషయం ముగిసిపోయింది కదండీ."

"మీకు ముగిసింది. నాకు ముగియలేదు."

"వైస్ ప్రెసిడెంట్ గారూ, ఇప్పుడు డైరెక్టర్ అయి ఆవిడ ఏం చేసుకుంటుంది, మీరే చెప్పండి."

"అయి మీరేం చేసుకుంటున్నారు?"

బల్ల చివర ఎవరో దగ్గారు. నవ్వు ఆపుకున్న దగ్గు అది.

క్వాక్ ముఖం ఎర్రబడింది. "ఒకరికిస్తే రేపు ఇంకొకరి తరఫువాళ్ళు వస్తారు. గది, కారు, జీతం... ఇవన్నీ ఎక్కడినుంచి తెమ్మంటారు?"

"గది వద్దు. కారు వద్దు. జీతం ఒక్క వన్ కూడా ఇవ్వొద్దు. పేరుతోపాటు డైరెక్టర్ అన్న మాట. అంతే."

"ఒక్క మాట కోసం ఇంత రాద్ధాంతమా?"

"ఒక్క మాటే కదా, ఇచ్చెయ్యండి మరి. క్వాక్ గారూ, మీ పూర్తి పేరేమిటో ఈ గదిలో ఎంతమందికి తెలుసు? హోదాతో పిలుస్తాం, హోదాతోనే గుర్తుపెట్టుకుంటాం. ఆ మాట లేకపోతే మన దగ్గర మనిషి లేనట్టే."

క్వాక్ ప్రెసిడెంట్ వైపు చూశాడు.

"చిప్పు వేడెక్కకుండా ఆమె చేసిన డిజైనే ఇవాళ మనకు అన్నం పెడుతోంది" అంది బాంగ్. "దానికి ప్రభుత్వం పతకం ఇచ్చింది. ఆ పతకం ఎవరి కోటు మీద ఉంది?"

యోమ్ చెయ్యి తెలియకుండానే కోటు మీదికి వెళ్ళి, దిగిపోయింది.

"పనిలో వంక పెట్టలేదండీ ఎవరూ" అన్నాడు క్వాక్. "విందులకు రాలేదు. నలుగురిలో కలవలేదు. పైగా ఆస్పత్రి సెలవులు."

"విందులంటారా? ఇందాక మనం డైరెక్టర్ని చేసిన పెద్దమనిషిని ఎన్నిసార్లు మోసుకెళ్ళి టాక్సీలో పడేశారో మర్చిపోయారా? ఇక సెలవులు. ఇకమీదట ఆమె ఒక్కరోజు కూడా సెలవు అడగదు. హామీ నాది."

అందరూ ఎవరి టీ కప్పులోకి వాళ్ళు చూసుకున్నారు.

బల్ల మీద బాంగ్ ఫోన్ మోగింది. ప్యో భర్త తక్. ఆమె తియ్యలేదు.

"ఆయన కూడా మీ వెంట పడుతున్నాడా?" అన్నాడు క్వాక్, ఫోన్ మీద పేరు చూసి.

"ఆయనకు జవాబు కావాలి. నాకూ కావాలి."

యోమ్ గొంతు సవరించుకున్నాడు. "బాంగ్ గారూ, దాపరికం ఎందుకు? ఆడవాళ్ళకు ఒక్క కుర్చీ చాలన్నారు పైవాళ్ళు. అందులో మీరున్నారు."

"ఈ నెలాఖరుకు నా ఒప్పందం అయిపోతుంది. పొడిగించకండి. ఆ కుర్చీ ఆమె పేరున రాయండి."

యోమ్ జేబులోని కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ముప్ఫై ఏళ్ళ ఉద్యోగమమ్మా! ఆమె కోసం వదులుకుంటారా?"

"వదులుకోవట్లేదు సార్. జరిగి చోటిస్తున్నాను."

మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

"తొందరపడకండి" అన్నాడు యోమ్. "వచ్చే సమావేశంలో చూద్దాం."

"పోయినేడాదీ ఇదే అన్నారు. సరే, వచ్చే సమావేశానికీ వస్తాను. లోపలికి రానివ్వకపోతే గేటు దగ్గర నిలబడతాను. ఒక్కొక్కరి కారూ ఆపి అడుగుతాను."

ఆమె బయటికొచ్చేసరికి కంపెనీ కారు డ్రైవరు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె వద్దని చెయ్యి ఊపి, బస్టాపు దాకా నడిచింది. అక్కణ్ణుంచి తక్‌కు ఫోన్ చేసింది.

"ఏమన్నారండీ?" అన్నాడు తక్.

"ఇంకా ఏమీ తేల్చలేదు."

"మా పెదనాన్న ఒకటే పోరు పెడుతున్నాడు. 'తక్ వారి కోడలు' అని వేసేస్తే సరిపోతుంది, ఆడదానికి ఇంకేం కావాలంటున్నాడు."

"వెయ్యనివ్వకండి."

"ఎన్నాళ్ళని ఆపమంటారు?"

"వాళ్ళు ఇచ్చేదాకా."

ఊరి బయట కొండవాలులో నిలిపిన సమాధి రాతి మీద ప్యో యున్‌సిల్ పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు చెక్కి ఉన్నాయి. హోదా చెక్కవలసిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది.