పుట్టింటి గది

"పందిరి మంచమే కావాలమ్మా. పైన పలకలు గట్టిగా ఉండాలి. వేరేది వద్దు," అన్నాడు రవిశంకర్.

తెనాలిలో శ్రీవిద్య పాతసామాన్ల కొట్టుకి వచ్చేవాళ్లు ఎక్కువగా కొత్త ఇళ్లు కట్టుకున్నవాళ్లే. హాల్లో ఓ మూలకి అందంగా ఉంటుందని పాత గంగాళమో, చెక్క గుర్రమో పట్టుకెళ్తారు. గోడకి ఆమె వేసిన వాటర్ కలర్ బొమ్మ ఒకటి అడుగుతారు. ఒక మనిషిని తలుచుకుంటూ సామాను వెతుక్కుంటూ వచ్చింది మాత్రం ఈయనొక్కడే.

ఆయన బాపట్లలో లెక్చరరుగా చేసి రిటైరయ్యాడట. భార్య బాలాత్రిపురసుందరిది రేపల్లె అవతల పల్లె. ఆమె పుట్టిన ఇల్లు ఇప్పుడు లేదు. ఆ ఇంట్లో చిన్నప్పుడు ఆమె పడుకున్న గదిని, ఉన్నదున్నట్టుగా, తమ మేడమీద మళ్లీ నిలబెట్టాలని ఆయన కోరిక.

ఫొటోలేమైనా ఉన్నాయా అని అడిగింది శ్రీవిద్య.

"ఒక్కటీ లేదమ్మా. అప్పుడప్పుడూ నిద్రలో పలవరిస్తుంది. ఆ మాటలే పోగేసుకున్నాను."

శ్రీవిద్య మొగుడు భరద్వాజకి పెళ్లాం పుట్టినరోజు కూడా ఫోను గుర్తుచెయ్యాలి. పెళ్లాం పలవరింతలు పోగేసుకునే మగవాడిని ఆమె ఇప్పుడే చూస్తోంది.

ఇక ఆ పని మీదే పడింది. చెరుకుపల్లిలో ఓ పాత మేడ పడగొడుతుంటే పందిరి మంచం దొరికింది. భట్టిప్రోలులో గోడ గడియారం, కొల్లూరులో నిలువుటద్దం. అద్దానికి ఎడమవైపు మూల పాదరసం ఊడిపోయి ఉండాలన్నాడాయన. నిక్షేపంలాంటి అద్దాన్ని ఆ మూల ఆమే గీకింది.

ఒక్కో వస్తువూ చేరగానే ఆయన ఫోన్ చేసేవాడు. మంచం చూసి ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడలేదట. అద్దం ముందు నిలబడి పొద్దుగూకేదాకా కదల్లేదట. గడియారం గంటలు కొట్టగానే తమ్ముణ్ణి పేరుపెట్టి పిలిచిందట.

"ఇన్నేళ్లకి వాడి పేరు ఆవిడ నోట విన్నానమ్మా," అన్నాడు. శ్రీవిద్య చున్నీతో కళ్లు ఒత్తుకుంది.

తర్వాత బొమ్మలు. వాకిట్లో కవ్వం పట్టుకుని చల్ల చిలికే తల్లి. తాటిబుర్రల బండి లాగే తమ్ముడు. పిల్లవాడు మంచంవైపే చూస్తున్నట్టు ఉండాలన్నాడు రవిశంకర్. ముక్కు ఎలా ఉండేదో, చెవులు ఎలా ఉండేవో తెలిసినంత చెప్పాడు. నచ్చేదాకా మళ్లీ మళ్లీ వేసింది ఆమె. విసుగనిపించలేదు. తన చేత్తో ఒక ఆడదానికి పుట్టిల్లు తిరిగి ఇస్తున్నాననుకుంది.

ఆఖరిది, కిటికీలోంచి కనిపించే కాలవ. తెల్లవారుజామున బంగారు నీళ్లలా వేసి చూపించింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ముసురు పట్టినట్టుండాలమ్మా. ఆకాశం ఇంకా నల్లగా. కాలవ నిండుగా... ఇంకొంచెం నిండుగా."

రంగు మీద రంగు పూసింది. కాగితం తడిసి ముద్దయ్యేదాకా పూసింది.

ఆ బొమ్మ తనే స్వయంగా బాపట్ల తీసుకెళ్లింది. తలుపు తీసిన ఆవిడకి నలభై కూడా ఉండవు. పేరు కౌముది. దూరపు బంధువనీ, ఇంట్లో సాయంగా ఉంటోందనీ చెప్పాడు రవిశంకర్. ఆమె నవ్వుతూ కాఫీ ఇచ్చింది.

మేడమీద గదిలో బాలాత్రిపురసుందరి మంచం మీద ఉంది. కాళ్లు రెండూ పైకి ముడుచుకుని, పందిరి కోడుని రెండు చేతులా వాటేసుకుని కూర్చుంది. చిన్నపిల్లలా ఉందనుకుంది శ్రీవిద్య. నమస్కారం పెడితే ఆవిడ చూడలేదు. గోడకెక్కుతున్న బొమ్మనే చూస్తోంది. కళ్లలోంచి ధారగా నీళ్లు.

"సంతోషం పట్టలేకపోతోంది," అన్నాడు రవిశంకర్. తన తువాలుతో ఆవిడ చెంపలు తుడిచాడు.

ఆ సాయంత్రం శ్రీవిద్య ఆ సంగతంతా భరద్వాజకి పూసగుచ్చినట్టు చెప్పింది. మొగుడంటే అలా ఉండాలని దెప్పింది కూడా.

కొన్నాళ్లకి ఫోన్ వచ్చింది. సామానంతా తీసుకెళ్లిపొమ్మన్నాడు రవిశంకర్. ఇక అవసరం లేదట.

ఆమెకి విషయం అర్థమయింది. ఆ పూట అన్నం సయించలేదు. ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెళ్లేసరికి మేడమీద కౌముది కిటికీలకి కొత్త కర్టెన్ల కొలతలు తీసుకుంటోంది. మంచం అప్పటికే విప్పేశారు. బొమ్మలు గోడవైపు తిప్పి పెట్టారు. రవిశంకర్ ఫోన్లో సోఫా రంగుల గురించి మాట్లాడుతూ, చేత్తోనే కానిమ్మని సైగ చేశాడు.

దుఃఖం ఒక్కొక్కరిని ఒక్కోలా మారుస్తుందని సరిపెట్టుకుంది శ్రీవిద్య.

బొమ్మలు పట్టుకుని దిగుతుంటే గేటు దగ్గర పక్కింటి కోటేశ్వరమ్మ ఎదురైంది. ఆమెదీ రేపల్లె అవతలి ఆ పల్లేనట. ఇన్నాళ్లూ కూతురి దగ్గర ఉండి నిన్ననే ఊళ్లోకి వచ్చిందట.

"అమ్మగారు ఎప్పుడు పోయారండి?" అంది శ్రీవిద్య నెమ్మదిగా.

"పోలేదమ్మా. పిచ్చాసుపత్రిలో పడేశారు. మనిషిని పోల్చుకోవట్లేదు. ఇక ఇంటికి వచ్చే రాత కాదంట."

మాట్లాడుతూనే కోటేశ్వరమ్మ శ్రీవిద్య చేతుల్లో పైనున్న బొమ్మ చూసింది. తాటిబుర్రల బండి పిల్లవాడు. ముసలి వేలితో వాడి చెంప తాకింది. "అచ్చం వాడే," అంది.

శ్రీవిద్యకి ఏడుపొచ్చింది. "మాష్టారు దగ్గరుండి వేయించుకున్నారండి. అమ్మగారి కోసం ఆ గదంతా ఎంత ప్రేమగా అమర్చారో."

కోటేశ్వరమ్మ మేడవైపు చూసింది.

"ఉప్పెనలో తల్లీ తమ్ముడూ తన కళ్లముందే కొట్టుకుపోయిన ఆ గది ఊసు జన్మలో ఆవిడ దగ్గర ఎత్తొద్దని డాక్టర్లు చెప్పింది ఆయనకే కదా తల్లీ."