గురువారం దాకా

కుంగ్ రానాట్ వాయిస్తే మే క్లోంగ్ ఏటి కాలువలో జెల్లలు ఎగిరి రేవు మెట్ల మీద పడేవి. వాటితో పులుసు పెట్టుకు తిన్నవాళ్లు ఇంకా బతికే ఉన్నారు.

నమ్మకం లేకపోతే సంగియం తాతను అడగాల్సింది. కుంగ్ ఆయన మనవడు. ఆ పేరుకు అర్థం రొయ్య. పుట్టినప్పుడు అలాగే వంకర తిరిగి ఉన్నాడట. పడవలాంటి పెట్టె మీద వరసగా వేలాడే రానాట్ చెక్కపలకలను వాడు రెండు కర్రలతో మోగిస్తుంటే, సంగియం పైమెట్టు మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని పోయే ప్రతి పడవనూ ఆపేవాడు.

కొబ్బరికాయల పడవవాడు తలూపితే, కాయలు మోసేవాడికి తాళం ఏం తెలుసనేవాడు. తలూపకపోతే, చెవులు కూడా అమ్ముకున్నాడనేవాడు. గుడి మేళం వాళ్లను తగరపు డబ్బాలనేవాడు. కన్నకొడుకును అసలు లెక్కలోకే తీసుకోలేదు; విద్య తన దగ్గర్నుంచి వాణ్ణి దాటేసి తిన్నగా మనవడిలోకి దూకిందట. సంగియం మాత్రం సొంత డబ్బా తప్ప ఏనాడూ ఏదీ వాయించి ఎరగడు.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఒక ముసలాయన పడవ పిలవకుండానే వచ్చి ఆగింది. పడవ నిండా రొయ్యల ముద్ద జాడీలు. వాటి కంపు మనిషికన్నా ముందు మెట్లెక్కింది.

పాట అయిందాకా ముసలాయన తెడ్డు ఎత్తిపట్టుకునే ఉన్నాడు.

"పిల్లవాడి చెయ్యి ఎవరు పట్టారన్నా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న మా వైపు పసివాడికైనా అర్థమవుతుంది. గురువు వెనక కూర్చుని, శిష్యుడి రెండు చేతులూ పట్టుకుని మొదటి దెబ్బలు తనే వేయించాలి. అది జరగందే పెద్ద పాటలు ముట్టుకోకూడదు.

"ఎవరూ పట్టలేదు," అన్నాడు సంగియం గొప్పగా. "బాతుపిల్లకు ఈత ఎవడు నేర్పాడు?"

"అయితే నేను పట్టనా?"

పక్క రేవుల్లో నవ్వులు లేచాయి. సంగియం అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"నువ్వా? ఆ చేత్తో పడితే రేపు వాడి పాటకు ఈగలు ముసురుతాయి."

"నా పేరే రొయ్య కదా తాతా," అన్నాడు కుంగ్.

తాత వాణ్ణి కళ్లతోనే నోరు మూయించాడు. చెయ్యి పట్టించేది గురువారమనీ, పట్టే మనిషి ఒంటిమీద తెల్లబట్టలుండాలనీ ముసలాయనకు పాఠం చెప్పాడు. ఇవాళ మంగళవారమన్నాడు. నీ పంచె మొదట్లో ఏ రంగో నీకైనా గుర్తుందా అని అడిగాడు.

ముసలాయన చేతులు వాసన చూసుకుని, నిజమేనన్నట్టు తలూపాడు. కాలువలోకి వంగి మోచేతుల దాకా కడుక్కున్నాడు.

"గురువారం దాకా ఆగుతుందో లేదో," అన్నాడు.

జాడీల్లో సరుకు సంగతనుకున్నాడు సంగియం. "రొయ్యల ముద్ద ఏళ్ల తరబడి నిలవుంటుంది. అమ్ముకునేవాడివి, ఆ మాత్రం తెలీదా?"

ముసలాయన రెండు చేతులూ జోడించి రానాట్‌కు మొక్కాడు. సంగియానికి కాదు. చెక్కకు దణ్ణం పెట్టి మనిషిని వదిలేసిన మొరటువాడని సంగియం పొద్దుగూకేదాకా తిట్టుకున్నాడు.

మర్నాడు గుడి మేళం పెద్ద ప్రుంగ్ వచ్చాడు. ఈ ఏడు గురుపూజలో కుంగ్‌ను అందరికన్నా ముందు కూర్చోబెట్టాలని ఊరికి ఉందట. కానీ ఆ పూజలో వాయించేది పెద్ద పాట. చెయ్యి పట్టించుకోనివాడు దాని జోలికి పోకూడదు. పట్టే అధికారం ఈ నది మొత్తం మీద ఒక్కరికే మిగిలింది, ఏటి మొగలో ఉండే వియన్ గురువుగారికి. ఆయన పేరు విననివాడు లేడు. ఆ మొగ దాటి రాడు గనక మా కాలువలో ఆయన మొహం చూసినవాడూ లేడు.

"ఇన్నేళ్లలో ఎవరికీ పట్టలేదు బాబాయ్. తగిన చెయ్యి కనబడలేదంటాడు."

"నా మనవణ్ణి చూశాక అనమను," అన్నాడు సంగియం.

గురువారం పొద్దున్నే పడవ కట్టారు. పూలదండలు, అరటిగెలలు, కొబ్బరికాయలు, ఉడికించిన పంది తల. సంగియం ఎర్రపట్టు కట్టాడు. దారిలో ప్రతి రేవుకూ ఎక్కడికి వెళ్తున్నదీ చెప్పాడు. జెల్లల సంగతి కూడా చెప్పాడు. నిజానికి నీరు పోటెక్కితే ఆ జెల్లలు ఎగురుతాయి. కుంగ్ బడిలో ఉన్నప్పుడూ ఎగిరేవి. పులుసు మాత్రం నిజం.

ఏటి మొగలో గురువుగారింటి ముందు జనం బారులు తీరి ఉన్నారు.

"చూశావా, మన కబురు ముందే చేరింది," అని మనవడితో చెప్పి సంగియం పట్టు సర్దుకున్నాడు.

ఎవరో దారిచ్చారు. ఎవరో సంగియం చేతిలో మల్లెలు వేసిన నీళ్లగిన్నె పెట్టారు. పోయినవాళ్ల కుడిచేతి మీద ఆ నీళ్లు పోసి తప్పు మన్నించమని అడుగుతారు.

చాప మీద కుడిచెయ్యి చాచి పడుకున్న మనిషిని సంగియం అప్పుడు చూశాడు. గురువారం, ఒంటిమీద తెల్లబట్టలు. అన్నీ కుదిరాయి.

తలదగ్గర కూర్చున్న కూతురు వచ్చినవాళ్లకు చెబుతోంది. మంచం దిగొద్దన్నా వినలేదట. ఎగువన ఒక చెయ్యి ఉందని విన్నాను, చూసొస్తానని, పడవలో జాడీలు కూడా దింపకుండా వెళ్లాడట.

"వచ్చాక ఒక్కటే మాటన్నాడు. చెయ్యి దొరికింది, వారం కుదరలేదు అన్నాడు."

సంగియం వంగి నీళ్లు పోశాడు. ఆ చేతికి ఏ వాసనా లేదు. కుంగ్ తన రెండు చేతులూ ఆ చేతి కింద పెట్టాడు; తాత పోసిన నీళ్లు గురువు వేళ్ల మీంచి జారి వాడి దోసిట్లో పడ్డాయి.

జెల్లల సంగతి పోగా, ఈ కథలో అబద్ధం ఆ చివరి ముక్క ఒక్కటే. కుంగ్ చేతులు ఆ చేతి కింద లేవు. వాటి నిండా పంది తల ఉంది.