పిండిలో రాసిన పేరు

"అలా కాదే సోసిన్, గొంతులోంచి రావాలి. మళ్ళీ అను," అంది రౌషెన్, రొట్టెల పలక మీద పరిచిన పిండిలో తాను వేలితో గీసిన అక్షరాన్ని చూపిస్తూ.

"ఖ..." అంది సోసిన్. కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి.

టర్కీలో కుర్దు అక్షరాలు నేర్పితే జైల్లో పెట్టే రోజులవి. అందుకే దియార్‌బకీర్ పాతకోటలో ఆ ఆడవాళ్ళు వారానికొక ఇంట్లో, రొట్టెలు చేసుకునే నెపంతో కలిసేవాళ్ళు. తలుపు చప్పుడైతే పిండి మీద అరచేత్తో ఒక్క తుడుపు, అంతే. ఈ వారం వంతు సోసిన్‌ది.

"మీ యాస రాస్తున్నారు సరే, మా జాజా మాటలెవరు రాస్తారమ్మా?" అంది బెస్నా పిన్ని.

"నువ్వే పిన్నీ! అక్షరాలు రానీ, నన్ను మీ యాసలోనే తిడుతూ రాద్దువుగాని."

అందరూ పకపకా నవ్వారు.

"మెల్లగా అక్కా! వీధిలోకి వినిపిస్తుంది," అంది సోసిన్.

"చేరి నెలైనా కాలేదు, ఇంత భయమైతే ఎలాగే? ఇలా రా, మీ అమ్మ పేరు రాద్దాం."

రౌషెన్ ఆమె వేలు పట్టి పిండిలో నడిపించింది. ఖెజాల్.

"సమాధి రాయి మీద హజాల్ అని ఉందక్కా."

"టర్కీ వాళ్ళకి ఈ అక్షరం లేదుగా, వాళ్ళకొచ్చినట్టు చెక్కారు. మీ అమ్మని ఊళ్ళో పిలిచిన పేరు ఇదీ."

సోసిన్ ఆ పేరు వంకే చూస్తూ ఉండిపోయింది. ఉన్నట్టుండి లేచి పెరటి తలుపు తీసింది.

"వెళ్ళిపోండి! అందరూ వెళ్ళిపోండి!"

"ఏమైందే?"

"పోలీసులొస్తున్నారక్కా. ఏమీ అడక్కు, నీ కాళ్ళు పట్టుకుంటా."

"మరి నువ్వూ రా."

"ఇల్లు ఖాళీగా ఉంటే మీ వెంట పడతారు. నేనేదో చెప్పుకుంటాలే."

బెస్నా పిన్ని చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తింది. రౌషెన్ మాత్రం గడప దగ్గర ఆగి, సోసిన్‌ని గట్టిగా హత్తుకుంది.

"నిన్ను పిరికిదానివనుకున్నానే. ఏమీ అనుకోకు."

సోసిన్ ఆమె చేతులు విడిపించి బయటికి తోసింది. వాళ్ళు గోడ మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వచ్చి, తల్లి పేరు మీద అరచేయి ఆనించింది. తుడవడానికి చెయ్యి రాలేదు. వీధి తలుపు దబదబా మోగాకే తుడిచింది.

అధికారి వంటగదంతా కలయజూశాడు. టీ గ్లాసుల్లోంచి ఇంకా పొగలొస్తున్నాయి.

"ఏరీ వాళ్ళు?"

"ఎవరూ రాలేదండీ."

అతను కేకలెయ్యలేదు. తాపీగా పీట లాక్కుని కూర్చున్నాడు.

"వాళ్ళని పట్టిస్తే నీ తమ్ముణ్ణి వదిలేస్తామన్నాం కదమ్మా, అక్కర్లేదా?"