మరక పడని దుప్పట్లు

భరించలేనిది చీము వాసన కాదు. దానికి ఎప్పుడో అలవాటు పడింది. భరించలేనిది ఈ దుప్పట్ల తెలుపేనని మిషన్ ఆసుపత్రి నర్సు ఫలెసికి ఇప్పుడు, విరాళాలిచ్చే సంఘం దొరసాని పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉండగా తోచింది. ఆడవాళ్ళ వార్డులో ఇరవై మంచాలు, ఇరవై తెల్ల దుప్పట్లు. పొద్దున తనే పరిచింది. వీళ్ళ కారు గేటు దాటగానే తనే లాగెయ్యాలి.

"ఇవి మా సంఘం పంపినవే కదూ?" దొరసాని వంగి దుప్పటి అంచు వేళ్ళతో నలిపి చూసింది. "మూడేళ్ళయినా కొత్తవాటిలా ఉన్నాయే!"

"ప్రాణంలా చూసుకుంటున్నామండీ," అంది మేట్రన్ కచింగ్వే.

"అయితే దుప్పట్లకి లోటు లేదన్నమాట. ఈసారి ప్రార్థన మందిరానికి గంట పంపిస్తాం."

మేట్రన్ చప్పట్లు కొట్టింది. వార్డంతా కొట్టింది. తన చేతులు తనని అడగకుండానే చప్పట్లు కొట్టడం ఫలెసి చూసింది. తడి మాంసం ముక్కలు రెండు ఒకదానికొకటి తగులుతున్నట్టు అనిపించింది.

దొరసాని కళ్ళు మూసుకుని 'మా మలావీ అక్కచెల్లెళ్ళ' కోసం ప్రార్థన చేసింది. ఫొటోలు తీశారు. పాస్టరు గారింట్లో టీ, నూనెలో వేయించిన మందాజీలు అయ్యాక కారు కదిలింది.

"ఇంకా చూస్తావేం? తీసెయ్," అంది మేట్రన్. "ఇస్త్రీ చేసి, కలరా ఉండలు వేసి బీరువాలో పెట్టెయ్. వచ్చి తాళం వేస్తాను."

"మేట్రన్ గారూ, నాబండా అవ్వ ఒక్కదానికీ ఉంచుదామండీ. తుంటి విరిగి రెండు నెలలుగా కదల్లేదు. ఒత్తిగిలిస్తే వీపు చర్మం రెక్సిన్ పరుపుకే అంటుకుపోతోంది."

"నాకు కళ్ళు లేవా? ఇవాళ ఆవిడకిస్తే రేపు అందరూ అడుగుతారు. వచ్చే ఏడు దుప్పట్లు కనబడకపోతే అమ్ముకు తిన్నామంటారు వాళ్ళు. మందులు కూడా ఆపేస్తారు. అప్పుడు మీ అవ్వ వీపుకి ఏం పూస్తావు, నీ కన్నీళ్ళా?"

ఆ మాటల్లో తప్పు లేదు. అదే ఎక్కువ అసహ్యంగా ఉంది. మేట్రన్ అబద్ధం చెబుతుంటే బాగుండేది.

ఫలెసి ఒక్కో మంచం దగ్గరికీ వెళ్ళి, దుప్పటి తీసేస్తానని ముందుగా చెప్పింది. పదకొండో మంచం మీది ఆవిడ మంచం కింద దాచిన పాత దుప్పటి కోసం తడుముకుంటూ, "మా మరకల మహారాణిని పైకి లాగు సిస్టర్, ఈ వారం అది నాది," అంది. వార్డు నవ్వింది. పోయినేడు దొరసాని వచ్చిన రోజే ఒక పిల్ల ఆ దుప్పటి మీద రక్తం కక్కుకుంది. ఫలెసి మూడుసార్లు ఉడకబెట్టినా పోలేదు. 'మరకపడ్డది వాళ్ళకేం చూపిస్తాం, వార్డులో పారెయ్' అంది మేట్రన్ ముక్కు మూసుకుని. అప్పటినుంచి ఆ ఒక్కటీ వారానికొక మంచం చొప్పున తిరుగుతోంది. మిగిలిన ఇరవైకీ మరక పడనివ్వకపోవడం ఫలెసి గొప్ప. ఇవాళ చీము అంటకూడదని అవ్వ వీపుకి వారం రోజుల దూది ఒక్కసారే కట్టేసింది. పొద్దున అది జాగ్రత్త అనుకుంది. ఇప్పుడు దానికి వేరే పేరేదో ఉండాలనిపిస్తోంది.

"లాగెయ్ తల్లీ," అంది నాబండా అవ్వ. "ఒక్క పూట పెద్దింటి శవంలా పడుకున్నాను, చాలు."

"నిద్రపట్టిందా అవ్వా?"

"రెండు నెలల్లో ఇవాళే. ప్రార్థన సగంలో గురక పెట్టేశానట."

"నిన్ను చూసి దొరసాని కళ్ళు తుడుచుకుంది."

"గురకకా?"

మళ్ళీ నవ్వులు. ఫలెసి నవ్వలేకపోయింది. "నీ వంతు ఇంకా ఆరు వారాలకి గానీ రాదవ్వా," అంది మెల్లిగా.

"అప్పటికి ఉంటే పిలువు."

ఫలెసి ఒక చెయ్యి అవ్వ భుజం కింద పెట్టి, రెండో చేత్తో దుప్పటి చివర లాగింది. అవ్వ పళ్ళు బిగించింది. కనబడిన రెక్సిన్ మీద నిన్నటి చర్మం ఎండి, పొలుసులా అంటుకుని ఉంది. దాని మీద ఈగ వాలింది. ఫలెసి దాన్ని తోలింది. అలవాటుగా ఆమె కళ్ళు దుప్పటి మీద మరక కోసం వెతికాయి.

ఎక్కడా లేదు.

మరక కనబడనందుకు మొట్టమొదటిసారి ఆమెకు నిరాశ కలిగింది. వరండాలో మేట్రన్ తాళాల గుత్తి చప్పుడు దగ్గరవుతోంది.

దుప్పటి చివర మళ్ళీ పరుపు కింద దోపింది. పక్కన బల్ల మీద పుండ్లకు పూసే ఊదారంగు మందు సీసా ఉంది. ఉడకబెట్టినా, సున్నం వేసి ఉతికినా పోని రంగు. మూత తీసి, అవ్వ నడుం పక్కన వంచింది. ఊదా మరక అరచెయ్యంత పాకింది.

"అయ్యో, ఒలికిపోయింది," అంది ఫలెసి.

"చూశానులే," అంది అవ్వ. "మూత కూడా అదే ఊడింది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఫలెసి వెనక్కి తిరిగింది. మిగిలిన పంతొమ్మిది మందీ ఎలాగోలా మంచం అంచుకి జరిగి, దుప్పటి నడుమ తెల్లటి చోటు ఖాళీ చేసి, ఆమె చేతిలోని సీసా వైపు చూస్తున్నారు.