శనివారం ఆరు గంటల ఆవిరి

"మళ్ళీ ఎర్రక్షరాలేనా?" బట్టలు ఆరేసుకునే నేలమాళిగలోకి తొంగిచూస్తూ అడిగాడు పక్క వాటాలో ఉండే తౌనో.

"ఎర్రవైనా పచ్చవైనా సాయంత్రానికి మీ నోరు మూయిస్తా లెండి," అంది పిర్కో, ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

అర మీద రెండు కంప్యూటర్లున్నాయి. పాతది, తాంపెరె ఊళ్ళోని ఆ అపార్టుమెంటు వాళ్ళందరికీ సౌనా వంతులు పంచే సర్వరు. ఎవరు ఏ రోజు ఏ గంటకు ఆవిరి స్నానానికి దిగాలో అదే చెబుతుంది. ఏళ్ళుగా దాన్ని సాకుతున్నది పిర్కోయే. వారం నుంచి కాలిన వాసన కొడుతోంది. ఒకసారి ఆపితే మళ్ళీ లేవదని మరమ్మతు చేసేవాడు చేతులెత్తేశాడు.

పక్కనే కొత్తది. దాని ఆపరేటింగ్ సిస్టమ్ వేరు. పాత ప్రోగ్రాము దానికి తలకెక్కడం లేదు. పిర్కో తన ల్యాప్‌టాప్ నుంచి ప్రోగ్రాము పంపడం, అవతల కొత్తదాంట్లో దాన్ని మిషను భాషలోకి మార్చే కంపైలరు ఎర్రక్షరాల్లో తప్పులు ఏకరువు పెట్టడం, ఆమె దిద్దడం. పొద్దున్నుంచీ ఇదే భాగోతం.

"కొత్త ప్రోగ్రాము కొందామన్నాను, విన్నావా? పోనీ నా కాగితమూ పెన్సిలూ ఉండగా..."

"మీ పెన్సిలు సంగతి నాకు తెలియదూ! పోయినసారి శనివారాలన్నీ మీ పేరే రాసింది."

"మీటింగులో పందెం కాసింది నువ్వేనమ్మా. ఈ సాయంత్రానికి కొత్తదాని మీద నడవలేదంటే నీ శనివారం ఆరు గంటల వంతు నాది."

పిర్కోకు ఒళ్ళు మండింది. శనివారం ఆరింటికి అక్కచెల్లెళ్ళు ముగ్గురూ ఆ వేడిలో కూర్చుని మాట్లాడుకుంటే గాని ఆమెకు వారం గడిచినట్టుండదు. ఆ వంతు దొరకడానికి ఎన్నేళ్ళు ఎదురు చూసిందో! దాన్ని ఈయన చేతిలో పెట్టడమా? ఉడుం పట్టు పట్టింది. "ఈ ఫైలు లేదు" అంటే దానికి బదులు వెతికింది. "ఈ మాట తెలియదు" అంటే అర్థం రాసిచ్చింది. ఒకటి దిద్దితే రెండు మొలిచాయి. "నువ్వో నేనో తేలిపోవాలి!" అని కంపైలరును తిట్టి మళ్ళీ కూర్చుంది.

పైకెళ్ళి గురువారం ఆనవాయితీ ప్రకారం బఠాణీ సూప్ తాగి, పాన్‌కేకు చేత పట్టుకుని వచ్చేసరికి ల్యాప్‌టాప్ నిద్రపోయింది. కొత్త మిషనుతో లంకె తెగిపోయింది. పాన్‌కేకు ముక్క నములుతూనే, చేతి అలవాటు కొద్దీ ఏళ్ళుగా కొడుతున్న సర్వరు పేరే కొట్టి మళ్ళీ కలిపింది. ప్రోగ్రాము పంపింది.

ఒక్క తప్పూ లేదు!

పిర్కో కళ్ళు నులుముకుంది. పొద్దున పడ్డ పాట్లన్నీ ఇప్పుడు కలిసొచ్చాయన్నమాట. వెంటనే నడిపి చూసింది. తెర మీద శనివారం వరుస చక్కగా పరుచుకుంది, ఆరు గంటల ఎదురుగా ఆమె పేరుతో సహా.

"తౌనో గారూ! రండి, కళ్ళారా చూసుకోండి!"

తౌనో కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఓర్నీ, నడుస్తోందే! పేర్లు కూడా వచ్చేశాయే!"

"రాక? పిర్కో అంటే ఏమనుకున్నారు!"

"అంత నమ్మకముంటే ఆ ముసలిదాన్ని ఆపు, చూద్దాం."

"ఓస్, అంతేనా?"

పిర్కో వంగి పాతదాని ప్లగ్గు పీకేసింది. అది ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. పక్కన కొత్తది నిక్షేపంగా తిరుగుతూనే ఉంది.

ల్యాప్‌టాప్ తెర మీద శనివారం మాయమైంది. "పాత సర్వరుతో లంకె తెగిపోయింది" అని ఎర్రక్షరాలు వచ్చాయి.